ఆటలోకములలో పాతకాపులు, క్రొత్తవారు

విద్యార్థులారా! బడి విడిచిన పిమ్మట మీలో పలువురు సెల్‌ఫోనులోనో కంప్యూటరులోనో దూరప్రాంతములవారితో కలిసి ఆటలాడుచున్నారు. అట్టి ఆటలో తొలిదినమున అడుగిడినవానికి కలుగు అనుభవము మీరెరుగనిది కాదు. వాడు ఇటునటు చూచులోపలనే ఎవరో వచ్చి వాని పాత్రను చంపుదురు. వాని మూటలోని వస్తువులను దోచుకొందురు. ఇదేమి న్యాయమని అడిగినచో ‘నూబ్’ అని హేళన చేయుదురు. కొన్ని నెలలు గడచిన పిమ్మట ఆ క్రొత్తవాడే పాతకాపై, తన వెనుక వచ్చినవానిని అదే మాటతో హేళన చేయుచుండును. అత్తయు ఒకనాటి కోడలే యను సామెత ఇచ్చట కూడ చెల్లుచున్నది.

ఇది పిల్లల అల్లరి యని త్రోసివేయదగినది కాదు. పలువురు ఒక్కచోట కూడి ఆడు కంప్యూటరు ఆటలు పుట్టిననాటి నుండియు ఈ కలహము కలదు. దీనిని తీర్చుటకు ఆటలను నిర్మించినవారు శిక్షలు విధించి చూచిరి. లోకమును రెండుగా చీల్చి చూచిరి. కొందరు ఏమియు చేయక ఊరకుండియు చూచిరి. ఏ ఉపాయము ఎంతవరకు ఫలించెనో తెలిసికొన్నచో, ఆటలోనే గాక తరగతిలోను, వీధిలోను మనకు పనికివచ్చు విషయము కొంత బోధపడును. అందుకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

సర్వరు అనగా నేమి?

ముందుగా పెద్దలకొరకు ఒక మాట చెప్పవలెను. సర్వరు అనగా ఎల్లవేళల పనిచేయుచుండు ఒక కంప్యూటరు. ఆటలోని ఊళ్లు, అడవులు, ఇండ్లు, ఆటగాండ్ర వస్తువులు, వీని లెక్కయంతయు దానియందే యుండును. ఎవరి ఇంటినుండి వారు ఇంటర్నెట్టు ద్వారా దానితో సంబంధము కలిగించుకొని, ఒకే లోకములో ఒకరినొకరు చూచుకొనుచు ఆడుదురు. మీ పిల్లవాడు ఫోను కట్టివేసి నిద్రించినను ఆ లోకము నిద్రింపదు. అతడు నిన్న కట్టిన గోడ నేడును ఉండును. లేదా రాత్రివేళ ఎవరో పడగొట్టియుందురు.

చదరంగమునకును దీనికిని గల భేద మిదియే. చదరంగములో ప్రతి ఆటకును పావులను మరల పేర్చుదురు. ఇరువది యేండ్లు ఆడినవానికిని, నిన్న నేర్చినవానికిని చెరి 16 పావులే. అనుభవశాలికి నేర్పు ఎక్కువ యుండవచ్చును గాని పావులు ఎక్కువ యుండవు. కబడ్డీలోను అంతే. సర్వరుపై నిరంతరము సాగు ఆటలో అట్లు కాదు. మూడేండ్ల క్రిందట వచ్చినవాని కోట, ధనము, ఆయుధములు, స్నేహితుల గుంపు అన్నియు నిలిచియే యుండును. నేడు వచ్చినవాడు సగము నడచిన ఆటలో వట్టిచేతులతో ప్రవేశించుచున్నాడు. కలహమునకు బీజ మిచ్చటనే కలదు.

ఇందులో పాతకాపుల పక్షమునను న్యాయము లేకపోలేదు. ఆ లోకమును నివాసయోగ్యముగా చేసినవారు వారు. దారులు వేసిరి, వాడుకలు ఏర్పరచిరి, ఒకరినొకరు పేరుపేరున ఎరుగుదురు. క్రొత్తవాడు వచ్చి, అడుగకయే పెట్టె తెరచి సరకు తీసికొనును. నూరుమార్లు చెప్పిన సమాధానమునే నూటయొకటవమారు అడుగును. వ్రాయబడని మర్యాదలను తెలియక త్రొక్కును. కొత్త బిచ్చగాడు పొద్దెరుగడని మనవారు ఊరక చెప్పలేదు. క్రొత్తవానికేమో, ఎక్కడ చూచినను స్థలము ఆక్రమింపబడియే యున్నది, ఎవరును దారి చూపరు. ఇరువురును తమకే అన్యాయము జరిగినదని నమ్ముచుందురు.

తొలి ఆటలోకము

ఇట్టి ఆటలకు మూలపురుషుని వంటిది ‘మడ్’ అనునది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి దీనిని ప్రారంభించెను. అచ్చటనే చదువుచుండిన రిచర్డ్ బార్టిల్ దానిని పెంపొందించెను. అందు బొమ్మలు లేవు, అంతయు అక్షరములలోనే. తానున్న చోటు ఎట్లున్నదో, అచ్చట ఎవరున్నారో తెరపై వాక్యములు తెలుపును. ఆటగాడు తాను చేయదలచిన పనిని టైపు చేయును. పాయింట్లు కూడబెట్టి చివరి మెట్టు చేరినవానికి ‘విజర్డ్’, అనగా మాంత్రికుడు, అను హోదా లభించెడిది. మాంత్రికునకు తక్కిన ఆటగాండ్రపై విశేషాధికారము లుండెడివి. కావున ఆ తొలి లోకములోనే పాతకాపు అనుభవశాలి మాత్రమే కాదు, అధికారియు నయ్యెను.

బార్టిల్ 1996లో ప్రకటించిన ఒక వ్యాసమునందు ఆటగాండ్రను నాలుగు తెగలుగా విభజించెను. పాయింట్లు, ధనము, హోదా సంపాదింపగోరువారు సాధకులు. ఆ లోకములోని మూలమూలలను తెలిసికొనగోరువారు అన్వేషకులు. పదిమందితో మాటలాడుటకే వచ్చువారు స్నేహప్రియులు. ఇతరులను బాధించుటలో ఆనందము పొందువారు హింసకులు. ఈ నాలుగు తెగల సంఖ్యలు ఒకదానిపై నొకటి ఆధారపడియుండునని అతడు వివరించెను. హింసకులు మితిమీరినచో స్నేహప్రియులు వెడలిపోవుదురు; చంపదగినవారు తగ్గిపోగా కొంతకాలమునకు హింసకులును మిగులరు. చెరువులో పెద్దచేప చిన్నచేపల నన్నింటిని తినివేసిన పిమ్మట తానేమి తినును? ఇందులో మొదట బలియగువాడు ఎల్లప్పుడును క్రొత్తవాడే. వానికి బలము లేదు, దారి తెలియదు, తోడు లేదు.

అల్టిమా ఆన్‌లైను కథ

ఈ విషయమును లోకమునకు పెద్ద అక్షరములతో తెలిపిన ఆట అల్టిమా ఆన్‌లైను. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునందలి ఆరిజిన్ సిస్టమ్స్ అను సంస్థ 1997 సెప్టెంబరులో దీనిని విడుదల చేసెను. రిచర్డ్ గారియట్ దీనికి మూలకర్త. రాఫ్ కోస్టర్ ప్రధాన రూపకర్తలలో నొకడు. బ్రిటానియా అను కల్పిత దేశమే దీని రంగస్థలము. అచ్చట వేలకొలది మంది ఒకేసారి తిరుగుచు, వడ్రంగము, కమ్మరము, దర్జీపని, చేపల వేట మొదలగు వృత్తులు చేసికొనుచు జీవింపవచ్చును. కొలదికాలముననే నెలనెల రుసుము చెల్లించి ఆడువారి సంఖ్య 1,00,000 దాటెను. ఆ కాలమునకు అది అపూర్వము.

నిర్మాతలు ఆటగాండ్రకు గొప్ప స్వాతంత్ర్య మిచ్చిరి. ఊరిలోపల కావలివారు కలరు. నేరము చేసినవానిని చూచి ఎవరైనను వారిని పిలిచినచో క్షణములో వచ్చి నేరస్థుని చంపుదురు. ఊరు దాటినచో కావలివారు లేరు. అచ్చట ఒకరినొకరు చంపుకొనవచ్చును. చచ్చినవాని వస్తువులన్నియు శవముమీదనే యుండును; ఎవరైనను వానిని తీసికొనిపోవచ్చును. చచ్చినవాడు దయ్యమై తిరుగుచు, తన్ను బ్రతికించు వైద్యుని వెదకికొనవలెను. ఆటగాండ్రు తమలో తామే రక్షకదళము లేర్పరచుకొని దుష్టులను శిక్షింతురని నిర్మాతలు తలచిరి.

అట్టి దళములు ఏర్పడినమాట నిజమే. క్రొత్తవారిని కాపాడుటయే వ్రతముగా పెట్టుకొన్న ఆటగాండ్ర సంఘములు పలు వెలసెను. అయినను హంతకులదే పైచేయి యయ్యెను. కారణము సులభముగా గ్రహింపవచ్చును. హంతకుడు తనకు అనువైన వేళను, స్థలమును ఎన్నుకొనును. రక్షకుడో, ఎల్లవేళల ఎల్లచోట్ల కావలి యుండవలెను. చచ్చిన క్రొత్తవాడు వారముదినముల శ్రమను కోల్పోవును. చచ్చిన హంతకుడు ఇంటనున్న నిలువనుండి మరియొక కత్తిని తీసికొనివచ్చును.

1998లో నిర్మాతలు ఖ్యాతి విధానము నొకదానిని ప్రవేశపెట్టిరి. నిరపరాధి పేరు నీలిరంగులో కనబడును. నేరము చేసినవాని పేరు బూడిదరంగులోనికి మారును. పలు హత్యలు చేసినవాని పేరు ఎర్రబడును. ఎర్రపేరువాడు కావలి యున్న ఊరిలో అడుగిడరాదు. బూడిదరంగువానిని ఎవరైనను కొట్టవచ్చును. అది నేరము కాదు.

చట్టము బాగుగనే యున్నది. కాని దాని సందుగొందులన్నియు పాతకాపులకు తెలియును, క్రొత్తవారికి తెలియవు. పరుని శవముమీది వస్తువును తీసికొనుట నేరమని క్రొత్తవాడెరుగడు. దారిలో పడియున్న శవమును చూచి అందులోని నాణెమునకు చేయి చాచును. వెంటనే వాని పేరు బూడిదరంగగును. పొదచాటున కాచికొనియున్న మోసగాడు వచ్చి, చట్టమునకు ఏమాత్రము విరోధము లేకుండ వానిని చంపి దోచుకొనును. కాపాడుటకు చేసిన చట్టమే వలగా మారెను. ఇది ఆటలో మాత్రమే జరుగు విషయము కాదని పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. ఏ ఊరియందైనను చట్టము తెలిసినవానికి చుట్టము, తెలియనివానికి గండము.

రెండవ కష్టము నేలకు సంబంధించినది. అల్టిమాలో ఆటగాడు ధనమిచ్చి ఇంటిపత్రమును కొని, ఖాళీనేలపై ఇల్లు కట్టుకొనవచ్చును. ఇల్లున్నవానికే వస్తువులను దాచుకొనుటకు భద్రమైన చోటు దొరకును. అయితే దేశము యొక్క వైశాల్యము పరిమితము. మొదట వచ్చినవారు మైదానములన్నింటను ఇండ్లు కట్టిరి. కొందరికి పలు ఇండ్లుండెను. వెనుక వచ్చినవారికి ఒక గుడిసెకైనను చోటు దొరకుట దుర్లభమయ్యెను. 1999 నాటికి ఈ బొమ్మ ఇండ్లు ఇంటర్నెట్టు వేలములలో నిజమైన డాలర్లకు అమ్ముడుపోవుచుండెను. పాతకాపులు ఎవరిని ద్వేషింపకున్నను, ఎవరిని కొట్టకున్నను, వారు ముందుగా వచ్చుటయే క్రొత్తవారికి అడ్డుగోడ యయ్యెను.

ఇంతలో 1999 మార్చిలో ఎవర్‌క్వెస్ట్ అను మరియొక ఆట వెలువడెను. అందలి సర్వరులలో పెక్కింటియందు, తానుగా ఒప్పుకొననివానిని ఇతర ఆటగాండ్రు చంపుటకు వీలులేదు. విసిగినవారికి పోవుటకు మరియొక చోటు దొరకెను. ఇక్కడ ఒక విషయము గమనింపుడు. పాతకాపు అలిగినచో పెద్దగా కేకలు వేయును; పదిమందిని కూడగట్టును; నిర్మాతలకు జాబులు వ్రాయును. రెండవదినమే విసిగిన క్రొత్తవాడు ఎవరికిని ఏమియు చెప్పక వెడలిపోవును. వాని ఫిర్యాదు ఎవరికిని వినబడదు. కావున ఏ లోకమునందైనను వినబడు మాటలనుబట్టియే తీర్పు చేసినచో పాతకాపులకే ఎల్లప్పుడును గెలుపు.

లోకమును రెండుగా చీల్చుట

2000 మే నెలలో అల్టిమా నిర్మాతలు పెద్ద మార్పు చేసిరి. బ్రిటానియా దేశమునకు మరియొక ప్రతిబింబమును సృష్టించి, ఆట కథలోని రెండు చంద్రుల పేర్లను వానికి పెట్టిరి. పాతదేశము ఫెలూకా, క్రొత్తదేశము ట్రామెల్. కొండలు, నదులు, ఊళ్లు రెండింటను దాదాపు ఒక్కటే. భేదమేమనగా, ట్రామెల్‌లో ఒకరి యిష్టము లేకుండ మరియొకరు వారిని చంపరాదు. అచ్చట నేలయంతయు ఖాళీ. స్థలము దొరకక యున్నవారు ఇండ్లు కట్టుకొనుటకు గుంపులుగా పరుగిడిరి.

ఫలితము స్పష్టముగా కనబడెను. ఆటగాండ్రలో అత్యధికులు ట్రామెల్ చేరిరి. ఆట యొక్క చందాదారులు మరింత పెరిగి 2003 నాటికి సుమారు 2,50,000 అయిరి. ఫెలూకా ఊళ్లు పాడుపడినట్లు వెలవెలబోయెను. అచ్చటికి మరల జనమును రప్పించుటకు, ఆ దేశములో కలప, లోహము మొదలగునవి రెట్టింపు దొరకునట్లు నిర్మాతలు ఏర్పాటు చేయవలసివచ్చెను.

అట్లని ఈ చీలికవలన నష్టము లేదని చెప్పరాదు. పాతకాపులలో హంతకులు కానివారును పలువురు బాధపడిరి. అపాయము గల దారిలో ఒకరికొకరు తోడుగా నడచినపుడు పుట్టిన స్నేహములు, క్రొత్తవారిని కాపాడుటకే వెలసిన సంఘములు, భద్రమైన లోకములో పనిలేనివయ్యెను. కాపాడవలసిన అవసరము లేనిచోట కాపాడువాడెందుకు? రోగము కుదిరెను గాని దానితో కొంత రక్తము కూడ పోయెను. నాటి నుండి నేటివరకు అల్టిమా ఆటగాండ్రలో ఈ మార్పు మంచిదా, చెడ్డదా యను వాదము తెగలేదు.

చట్టమే లేని చోటు

ఇక రెండవ ఉదాహరణము మీలో పలువురికి తెలిసిన మైన్‌క్రాఫ్ట్ అను ఆటకు సంబంధించినది. ఈ ఆటలో ఎవరైనను తమ సొంత సర్వరును నడుపుకొనవచ్చును. అట్టివానిలో ‘టూబీటూటీ’ అనునది ఒకటి. 2010 డిసెంబరులో ప్రారంభమైన ఈ సర్వరులో నియమములు లేవు. ఎవరు ఎవరి నిర్మాణమునైనను కూల్చవచ్చును, ఎవరినైనను చంపవచ్చును. ఆ లోకమును మొదటినుండి చెరిపి మరల ఆరంభించుటయు లేదు. ఆటగాడు పుట్టు స్థలముచుట్టు నేలయంతయు త్రవ్వబడి, కాల్చబడి, ఎడారివలె నుండును. అందుండి ప్రాణముతో బయటపడుటయే క్రొత్తవానికి మొదటి పరీక్ష.

2016 జూన్ మాసములో యూట్యూబులో పేరుపొందిన ఒక ఆటగాడు ఈ సర్వరును గూర్చి వీడియో ప్రకటించెను. దానిని చూచినవారు వేలకొలదిగా వచ్చిపడిరి. అంతవరకు కొద్దిమంది మాత్రమే తిరుగుచుండిన చోట ఇసుకవేసిన రాలని జనము. సర్వరు ఒకేసారి కొన్ని వందలమందిని మాత్రమే భరింపగలదు. కావున ప్రవేశమునకు గంటలకొలది వరుసలో కాచుకొనవలసివచ్చెను. పిమ్మట డబ్బు చెల్లించినవారికి ముందువరుస అను ఏర్పాటును వచ్చెను. ఏండ్లతరబడి ఇష్టమువచ్చినపుడు వచ్చి పోవుచుండిన పాతకాపులకు తమ ఇంటివాకిటనే తాము వరుసలో నిలుచుట అవమానముగా తోచెను. వారు దళములు కట్టి, క్రొత్తవారు పుట్టుచోటనే కాచియుండి చంపజొచ్చిరి. వారి దారులకు అడ్డుగా గోడలు కట్టిరి.

ఈ యుద్ధమున ఎవరు గెలిచిరి? వచ్చినవారిలో పెక్కుమంది కొన్ని నెలలలో విసిగి వెడలిపోయిరి. కాని కొందరు నిలిచిరి. పుట్టుచోటు దాటి, దూరమున స్థావరములు కట్టుకొని, కాలక్రమమున తామును పాతకాపులైరి. వరుస మాత్రము పోలేదు. వారిని ఆపలేకపోయిన దళములు కేవలము వారిని రాటుదేల్చినవి. కొత్తనీరు వచ్చి పాతనీటిని పూర్తిగా కొట్టుకొనిపోలేదు, రెండును కలిసెను. కాని ఆ కలయికకు ముందు వచ్చినదంతయు వ్యర్థమైన శ్రమయే.

క్రొత్తవానికి పని చూపినచోటు

మూడవ ఉదాహరణము ఈవ్ ఆన్‌లైను. ఐస్‌లాండు దేశమునందలి సీసీపీ అను సంస్థ 2003 మే నెలలో దీనిని విడుదల చేసెను. ఇందు ఆటగాండ్రు అంతరిక్షనౌకలను నడుపుచు, గనులు త్రవ్వుచు, వ్యాపారము చేయుచు, నక్షత్రమండలములకొరకు యుద్ధము చేయుచుందురు. ఇందలి నైపుణ్యములు నిజమైన కాలముతోపాటు పెరుగును. ఆటగాడు నిద్రించుచున్నను అవి పెరుగుచునే యుండును. కావున కేవలము కాలముతో పెరుగు నైపుణ్యములనుబట్టియే చూచినచో, 2003లో చేరినవానిని నేడు చేరినవాడు మొత్తము లెక్కలో అందుకొనుట అసాధ్యప్రాయము. ఈ లెక్కనుబట్టి చూచినచో క్రొత్తవానికి ఇంతకంటె కఠినమైన ఆట మరియొకటి ఉండరాదు.

అయితే ఆ నియమములలోనే ఒక వెసులుబాటు కలదు. ప్రతి నైపుణ్యమునకును 5 మెట్లు మాత్రమే. అన్నింటను పెద్దవానిని మించలేకపోయినను, ఏదో ఒక చిన్నపనిలో క్రొత్తవాడు కొద్దికాలముననే అతనితో సమానుడు కాగలడు. యుద్ధములో శత్రువు పెద్దనౌక పారిపోకుండ పట్టి నిలుపుట అట్టి పని. అందుకు చవకయైన చిన్ననౌకయే చాలును. పాతకాపుల భారీనౌకలు వచ్చి కొట్టువరకు దానిని కదలనీయక ఉంచిన చాలును. క్రొత్తవాని నౌక కూలినను పోయినది స్వల్పమే.

గూన్‌స్వార్మ్ అను కూటమి ఈ రహస్యమును గ్రహించెను. 2006 ప్రాంతమున అందలివారు చాలవరకు ఆటకు క్రొత్తవారు. వారికెదురుగా బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అను పాతకాపుల కూటమి నిలిచెను. ధనమునను, నౌకలయందును, అనుభవమునను అది చాల గొప్పది. క్రొత్తవారు చీమలదండువలె చిన్ననౌకలతో కమ్ముకొనుచు ఏండ్లతరబడి పోరాడిరి. తుదకు 2009 ఫిబ్రవరిలో, పాతకాపుల కూటమిలోని ఒక అధికారియే పక్షము మారి, లోపలినుండి ఆ కూటమిని రద్దుచేసెను. ముందువచ్చిన చెవులకన్న వెనుకవచ్చిన కొమ్ములు వాడియని మనవారందురు కదా! పిమ్మట గూన్‌స్వార్మ్ తానే పెద్దకూటమియై, 2016లో ఇతరుల ధాటికి తన దేశమును విడిచి తరలవలసివచ్చెను.

ఈ యుద్ధములకంటె మన పాఠశాల పత్రికకు ఎక్కువ తగినది మరియొకటి అచ్చటనే కలదు. 2004లో కొందరు ఆటగాండ్రు తమంత తామే ‘ఈవ్ యూనివర్సిటీ’ అను సంఘమును స్థాపించిరి. అనుభవము గలవారు క్రొత్తవారికి తరగతులు నడుపుదురు. నౌకను ఎట్లు అమర్చవలెనో, ఆపదలో ఎట్లు తప్పించుకొనవలెనో బోధింతురు. నేర్చినవారు ఇతర సంఘములలో చేరుటయు కలదు. నేర్పువారికి జీతము లేదు. ఇరువది యేండ్లు దాటినను ఈ ఆటబడి ఇంకను నడచుచునే యున్నది. సంస్థయు తనవంతుగా, క్రొత్తవారు ఆట మొదలిడు నక్షత్రమండలములలో వారిని వేధింపరాదని నియమము చేసినది. ఆ హద్దు దాటిన పిమ్మట అపాయము మామూలే; మొదటి అడుగులు నేర్చువరకు మాత్రము నీడ.

తేడా ఎక్కడ నున్నది?

ఈ మూడు లోకములలోని మనుష్యులు ఒక్కటే స్వభావము గలవారు. ఈవ్ ఆటగాండ్రు సాధువులు కారు. మోసమునకు, దోపిడికి ఆ ఆట పేరుపొందినది. అయినను అచ్చట పలువురు క్రొత్తవారిని పిలిచి నేర్పుచున్నారు. ఎందుకనగా, ఆ ఆటలో క్రొత్తవాడు వచ్చుట పాతవానికి లాభము. దండులో మరియొక చేయి చేరును. అల్టిమాలో క్రొత్తవాడు వచ్చినచో నేలకు పోటీ పెరుగును. లేదా హంతకునకు సులభమైన వేట దొరకును. టూబీటూటీలో క్రొత్తవాడు వచ్చినచో వరుస పొడవగును. ఇట్టిచోట మంచివారు కూడ ముఖము చిట్లించుకొందురు.

కావున పాతకాపులను దుర్మార్గులని గాని, క్రొత్తవారిని మూర్ఖులని గాని తిట్టుటవలన ఉపయోగము లేదు. క్రొత్తవాని రాక పాతవానికి నష్టము కలిగించుచున్నదా, లాభము కలిగించుచున్నదా యని మొదట చూడవలెను. నష్టము కలిగించునట్టి ఏర్పాటున్నచో శిక్షలు కొంతవరకే పనిచేయును. ఆ ఏర్పాటునే మార్చవలెను. వేరుచేసి ఉంచుట కలహమును ఆపును గాని కలుపదు. పని నేర్పి, పని ఇచ్చి, తమలో నొకనిగా చేసికొన్నచో కలహము తగ్గుటయే కాక ఆ లోకమునకు ఆయుస్సు పెరుగును. క్రొత్తవారు రాని లోకములో పాతకాపులు ఒక్కొక్కరే తగ్గిపోగా, తుదకు సర్వరును నడుపువారే దానిని ఆపివేయుదురు.

మనము చేయదగినది

మీలో కొందరు స్నేహితులతో కలిసి చిన్న సర్వరును నడుపుచుండవచ్చును. పై తరగతులవారు కట్టుకొన్న ఊరిలోనికి ఆరవ తరగతి పిల్లలు వచ్చినపుడు ఈ చిక్కులే చిన్నప్రమాణమున ఎదురగును. అట్టివారు కొన్ని పనులు చేయవచ్చును. పుట్టుచోటునకు దగ్గరగా కొంత నేలను క్రొత్తవారికొరకే విడిచిపెట్టుడు. మీ మర్యాదలను ఒక పలకపై స్పష్టముగా వ్రాసి మొదటనే కనబడునట్లు పెట్టుడు. వ్రాయని నియమమును తప్పెనని ఎవరిని శిక్షింపకుడు. ఒక్కొక్క పాతవాడు ఒక్కొక్క క్రొత్తవానిని వారముదినములు తనవెంట త్రిప్పుకొనవలెను. వానికి ఊరక వజ్రములు ఇచ్చి పంపుటకంటె, అందరికి పనికివచ్చు పని, ఒక వంతెనయో పొలమో, ఇచ్చుట మేలు. తాను కట్టిన వంతెనను ఎవడును తానే కూల్చడు.

క్రొత్తగా చేరువారికిని ఒక మాట. చేయి చాచుటకు ముందు చూడుడు. తీసికొనుటకు ముందు అడుగుడు. ఇతరులు కట్టినదానిని మెచ్చుకొనుట చిన్నతనము కాదు. భాష తెలియని చోట, వాడుకలు తెలియని చోట తొలిదినము ఎట్లుండునో రెండు భాషల నడుమ పెరుగుచున్న మన పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి దినమున ఎవరు పలుకరించిరో, ఏమని పలుకరించిరో మీకు జ్ఞాపకముండును. పాతకాపులైననాడు దానిని మరువకుడు.

ఇక తల్లిదండ్రులకు. ఎన్ని గంటలు ఆడితివని అడుగుట అవసరమే. దానితోపాటు ఎవరితో ఆడితివి, వారు నీతో ఎట్లు నడచిరి, నీవు వారితో ఎట్లు నడచితివి యనియు అడుగుడు. క్రొత్తవాని ఒంటరితనమును పసిగట్టి, ఉచితముగా వస్తువు లిచ్చెదమని చెప్పి పాసువర్డును, ఓటీపీని, ఫొటోను అడుగువారు ఇట్టి ఆటలలో కలరు. పేరు, ఊరు, బడి, ఫోను నంబరు ఎవరికిని చెప్పరాదని పిల్లలకు ముందే తెలుపుడు. ఎవరైనను పదేపదే వేధించినచో ఆ వ్యక్తి తమతో మాటలాడకుండ అడ్డుకొనుటకును, ఆటను నడుపువారికి ఫిర్యాదు చేయుటకును పెక్కు ఆటలలో మీటలు కలవు. వానిని పిల్లవానితో కూర్చుండి ఒకసారి వెదకుడు. ఫోను లాగికొందురను భయముచేత పిల్లలు తమకు జరిగిన అవమానమును ఇంట చెప్పరు. మొదట విని, పిమ్మట మందలించినచో చెప్పుటకు ధైర్యము కలుగును.

విద్యార్థులారా! ఈ వారము ఆటలో మీకు ఎదురైన క్రొత్తవానికి ఒక్కనికైనను దారి చూపి, ఏమి జరిగెనో ఒక పుటలో వ్రాసి తెండు. బాగున్నవానిని వచ్చు సంచికలో ప్రకటింతుము.